వాషింగ్టన్‌కు సి గ్రేడు

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే 12.5 కోట్ల మందిని కొత్తగా కడుపేదల్ని చేసింది. ఎక్కడా వాన తప్పలేదు, ఎవరి గొడ్డూ చావలేదు, ఎవరి పొలమూ వేలానికి రాలేదు. కడు పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల దగ్గర పీకి 3 డాలర్ల దగ్గర పాతారు, అంతే. దాంతో 2022 లెక్కల్లో 71.3 కోట్లున్న ప్రపంచ పేదలు 83.8 కోట్లయ్యారు. మధ్యలో చేరినవాళ్లకి ఎవరూ కబురు పెట్టిన పాపాన పోలేదు.

కారణం లేకపోలేదు. ధరలు మారాయి. పేద దేశాలు తమ సొంత గీతల్ని పైకి జరుపుకున్నాయి. వాటిని చూసి బ్యాంకూ జరిపింది. 1990లో రోజుకు ఒక డాలరుతో మొదలెట్టి 2008లో 1.25, 2015లో 1.90, 2022లో 2.15 అంటూ వచ్చారు. ఈ డాలరు మనం బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు. ఆ సంగతి తెలియక మా పక్కింటాయన పేపరు చూసి మూడు డాలర్లంటే రెండొందల యాభై, ఇంట్లో నలుగురికి వెయ్యి, నెలకు ముప్పై వేలని వేళ్ల మీద లెక్కేసి, "అయితే నేనూ కడుపేదనే కదండీ" అని తెగ సంబరపడ్డాడు. తెల్ల రేషన్ కార్డు వస్తుందని ఆయన ఆశ. ఇది కొనుగోలు శక్తి డాలరని, 2021 ధరల్లో మూడు డాలర్లంటే మనకు అరవై రూపాయల పైచిలుకేనని చెప్పి ఆయన ఆశ మీద నీళ్లు చల్లాల్సి వచ్చింది. తిండి, గుడ్డ, మందుబిళ్ల, బస్సు చార్జీ, పిల్లాడి నోటుపుస్తకం అన్నీ ఆ అరవైలోనే. దానికి ఇంకో రెండు రూపాయలు చేరిస్తే గీత దాటినట్టే. మన దేశంలో 2022–23లో పాత గీత కింద 2.3 శాతం ఉంటే, కొత్త గీత కింద 5.3 శాతం తేలారు. శాతం పెరిగినా ఢిల్లీ పండగ చేసుకుంది, ఎందుకంటే ఇదే కొత్త గీతతో కొలిస్తే 2011–12లో 27.1 శాతం ఉండేవారట.

నా బాధ గీత గురించి కాదు. గీత గీసేదీ వాళ్లే, అది దాటించడానికి అప్పిచ్చేదీ వాళ్లే, దాటారో లేదో చూసి సర్టిఫికెట్టు రాసుకునేదీ వాళ్లే. అలాగని లెక్కాపత్రం లేదనుకునేరు. 1973 నుంచి బ్యాంకుకు సొంతంగా మూల్యాంకన విభాగం ఉంది. ప్రాజెక్టు ముగియగానే దాన్ని నడిపించిన విభాగమే ముగింపు నివేదిక రాస్తుంది, తర్వాత మూల్యాంకనం వాళ్లు దాన్ని సరిచూస్తారు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని, మార్కులు కూడటంలో తప్పుంటే చూడమని పక్క గదిలో మాస్టారికి పంపడమన్నమాట. 'మిక్కిలి సంతృప్తికరం' నుంచి 'మిక్కిలి అసంతృప్తికరం' దాకా ఆరు మెట్లున్నాయి. కాస్త అటూ ఇటూగా ఉన్న ప్రాజెక్టులు నిలబడటానికి మధ్యలో 'ఓ మోస్తరు' మెట్లు రెండు.

1992లో బ్యాంకు తనే ఓ పెద్దాయనతో లోపలి విచారణ చేయించుకుంది. ఆయన పేరు మీద దాన్ని వాపెన్‌హాన్స్ నివేదిక అంటారు. 1991లో లెక్క తేల్చిన ప్రాజెక్టుల్లో 37.5 శాతం బాగోలేవని, పదేళ్ల కిందట అది 15 శాతమేనని ఆయన తేల్చాడు. జబ్బుకి 'ఆమోద సంస్కృతి' అని పేరు కూడా పెట్టాడు. అంటే బ్యాంకులో మంచి పేరు అప్పు మంజూరు చేయించినవాడికే గానీ, ఆ డబ్బు ఊళ్లో ఏమైందో చూసినవాడికి కాదు. మనూరి ఫైనాన్సు వ్యాపారి కూడా ఈ పద్ధతిలో నడపడు. తిరిగొచ్చేదాకా అతనికి నిద్ర పట్టదు.

మన సంగతికొద్దాం. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'వెలుగు' అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాలకు బ్యాంకు అప్పు 11.1 కోట్ల డాలర్లు. 2003లో మిగతా జిల్లాలకని మరో 15 కోట్లు. తర్వాత ప్రభుత్వం మారి వెలుగు ఇందిరా క్రాంతి పథమైంది, ఇంకోసారి మారి వైఎస్సార్ క్రాంతి పథమైంది. రిజిస్టర్ల అట్టలు మారాయి గానీ లోపల అదే పొదుపు, అదే అప్పు, అదే కిస్తీ.

ఉన్నమాట చెప్పుకోవాలి. 2010 నాటికి ఈ పథకం కింది పొదుపు సంఘాల్లో కోటికి పైగా ఆడవాళ్లున్నారు. నూటికి ఐదు, పది వడ్డీకి అప్పిచ్చే ఆసామి ఇంటి ముందు చేతులు కట్టుకు నిలబడే అవసరం చాలామందికి తప్పింది. బ్యాంకు పరిశోధకులే తొలి రోజుల్లో చేసిన అధ్యయనంలో తిండి మెరుగైందనీ, ఆడవాళ్ల మాటకు విలువ పెరిగిందనీ తేలింది. ఆదాయం పెరిగినట్టు మాత్రం తేలలేదు. సంఘాలన్నీ బ్యాంకు పుణ్యమే అనుకుంటే ఇంకో పొరపాటు. ఆడవాళ్ల సంఘాల డ్వాక్రా పథకం 1982 నాటిది. సారా మీద నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడి 1992లో రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు ఏ డాలరూ దగ్గర లేదు. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్‌లలో ఐక్యరాజ్యసమితి వాళ్ల ప్రయోగం కూడా వెలుగు కన్నా ముందే నడిచింది. బ్యాంకు వచ్చేసరికి చాప మీద ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు.

ఇక మూల్యాంకనం ఊళ్లోకొచ్చే ముచ్చట. బ్యాంకు పరిశీలక బృందం, వాళ్ల భాషలో మిషన్, వస్తోందంటే వారం ముందు నుంచే మండలంలో ప్రాజెక్టు చూసే ఏపీఎంకి కంటిమీద కునుకుండదు. ఆయన కింది సీసీ బండి మీద ఊరికీ మండలానికీ తిరుగుతుంటాడు. సంఘం పుస్తకాలు రాసే యానిమేటరు పిల్ల మూడు నెలల తీర్మానాలు ఒక్క రాత్రిలో, అదే పెన్నుతో, అదే చేతిరాతతో పుస్తకంలోకి ఎక్కిస్తుంది. షామియానా కొట్టు నుంచి ప్లాస్టిక్ కుర్చీలొస్తాయి. వాటి మీద దొరలకి తువ్వాళ్లు, సభ్యులకి కింద జంపఖానా. బొట్టు, బంతిపూల దండ, కోలాటం, కొబ్బరి బోండాం అయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: "మీ జీవితం ఎలా మారింది?" ఒకామె లేచి కొంగు సర్దుకుంటుంది. "ఒకప్పుడు గడప దాటేదాన్ని కాదు సార్. ఇప్పుడు కలెక్టరుతో మాట్లాడుతున్నా." ఆ మాట అబద్ధం కాదు. కానీ ఏ మిషన్ వచ్చినా లేచేది ఆమే. కిస్తీ కట్టలేక సంఘం మానుకున్నామె ఆ పూట కూలికి పోయి ఉంటుంది. ఆమె ఇల్లు తారురోడ్డుకు దూరం, కారు తిరగదు.

రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆంగ్లేయ పెద్దమనిషి 1983 నాటి తన పుస్తకంలోనే ఈ వ్యవహారాన్ని గ్రామీణాభివృద్ధి పర్యాటకం అన్నాడు. తారురోడ్డు పక్కనే ఆగుతారు, నాయకులతోనే మాట్లాడతారు, వానలు వెళ్లాకే వస్తారని రాశాడు. నలభై ఏళ్లు దాటినా ఆయన పుస్తకానికి కాలదోషం పట్టలేదు. అనంతపురంలో వేరుశనక్కాయ ఇంటికొచ్చాక, సంక్రాంతి చలిలో చూస్తే ఏ ఇల్లయినా బాగానే కనబడుతుంది. ఆషాఢంలో విత్తనాలకు డబ్బుల్లేక కమ్మలు తాకట్టు పెట్టేటప్పుడు మిషన్లు అక్కడ ఉండవు. అప్పుడు వాళ్ల ఊళ్లో వేసవి సెలవులు.

అసలు కిటుకు ఇంకోటుంది. ఏ ప్రాజెక్టు మూల్యాంకనమైనా ఆ ప్రాజెక్టు కంచె దాటదు. కరెంటు సంస్కరణలకు 1999లో ఇదే బ్యాంకు 21 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఆ సంస్కరణల వరసలోనే చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు పోయారు. వెలుగు వచ్చింది ఆ ఏడే. ఒక ప్రాజెక్టు పల్లెలో వెలుగు పంచుతుంటే ఇంకోటి కరెంటు బిల్లు పెంచింది. రెంటికీ వేరే ఫైళ్లు, వేరే అధికారులు, వేరే గ్రేడ్లు. బోరు మోటారుకు బిల్లు కట్టే రైతూ, సంఘంలో పొదుపు కట్టే ఆయన పెళ్లామూ ఒకే కప్పు కింద ఉంటారన్న సంగతికి ఏ ఫైల్లోనూ గడి లేదు.

2010లో మరీ విడ్డూరం జరిగింది. సంఘం అప్పు చాలక ఆడవాళ్లు మైక్రోఫైనాన్సు కంపెనీల దగ్గర రెండోది, మూడోది తీసుకున్నారు. ఒకదాని కిస్తీకి ఇంకోటి. వసూలు వాళ్లు ఇళ్ల ముందు కూర్చున్నారు, ఆత్మహత్యల వార్తలొచ్చాయి, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోనే ఐఎఫ్‌సీ అని ఇంకో తమ్ముడున్నాడు, ప్రైవేటు వ్యాపారాలకు పెట్టుబడి పెట్టేవాడు. మన దేశంలో మైక్రోఫైనాన్సు మీదా పెట్టాడు. అన్నగారు సంఘానికి, తమ్ముడుగారు సంఘానికి పోటీదారుకి. ఎవరి నివేదికలో వాళ్లు సంతృప్తికరం.

అందుకని నాదో ప్రతిపాదన. ఇన్నేళ్లు వాళ్ల మిషన్లు మన ఊళ్లకొచ్చాయి కదా, ఈసారి అనంతపురం జిల్లా గ్రామైక్య సంఘం ఒకటి వాషింగ్టన్‌కి మిషన్ వేయాలి. అధ్యక్షురాలు, ఇద్దరు లీడరమ్మలు, పుస్తకాలు చూడ్డానికి యానిమేటరు పిల్ల. కొలత కూడా వెతుక్కోనక్కర్లేదు. ప్రాజెక్టు వాళ్లు బట్టీ పట్టించిన పంచసూత్రాలే: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు.

1818 హెచ్ స్ట్రీట్, బ్యాంకు ప్రధాన కార్యాలయం. గుమ్మంలో అధికారులు వరసగా నిలబడి బొట్టు పెట్టించుకుని స్వాగత గీతం పాడతారు. పేదరికం లేని ప్రపంచమే తమ కల అని గోడ మీద ఎప్పుడో రాయించుకున్నారని యానిమేటరు చదివి చెబితే, "గోడ మీద రాతలు మన పంచాయతీ ఆఫీసులో కూడా ఉండాయిలే, పద" అంటుంది అధ్యక్షురాలు. కుర్చీలు మనవాళ్లకి, కింద కార్పెట్ అధికారులకి. మీ జీవితం ఎలా మారిందో భయపడకుండా చెప్పమని అడిగితే ఒకాయన టై సర్దుకుని లేస్తాడు. "ఇరవై ఏళ్ల కిందట మామూలు ఎనలిస్టునమ్మా. పేదరికం మీద పనిచేశాక డైరెక్టరునయ్యాను." అందరూ చప్పట్లు కొట్టాలి.

తర్వాత లాబీలో ముగ్గుపిండితో దేశాల పటం. మా ఊళ్లో నిరుపేదలు, పేదలు, మధ్యరకం, ధనికులని ఇళ్లకి రంగులేయించారు కదా, అలాగే. వేశాక అధ్యక్షురాలు అడుగుతుంది, "లీడర్లని మార్చాలని మాకు చెప్పింది మీరే గదా సారూ. మీ లీడర్లనెప్పుడు మార్చినారు?" 1946 నుంచి బ్యాంకు అధ్యక్షులంతా అమెరికా పౌరులే. ఇప్పటి అజయ్ బంగా మనవాడే, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడని అధికారులు గుర్తుచేస్తారు. "మనోడైతే సంతోషమే. పాస్‌పోర్టు యాడిదో చూడండి" అని పుస్తకంలో రాసుకోమంటుంది.

ఓట్ల దగ్గర ఇంకా ఇబ్బంది. సంఘంలో అందరిదీ ఒకే పొదుపు, అందరిదీ ఒకే చెయ్యి. ఇక్కడ చెయ్యి సైజు వాటాను బట్టి. అమెరికాది 15 శాతం చిల్లర, మనది మూడు శాతం దరిదాపు. మూల నిబంధనలు మార్చాలంటే 85 శాతం ఓట్లు కావాలి కాబట్టి ఆ ఒక్క చెయ్యి లేవకపోతే మిగతా చేతులన్నీ లేచినా తీర్మానం వీగిపోతుంది. "మా దగ్గర ఇట్లా చేస్తే సీసీ సంఘాన్నే రద్దు చేస్తుండె" అంటుంది లీడరమ్మ. పొదుపు కింద పేద దేశాలకిచ్చే నిధికి దాతలు మూడేళ్లకోసారి చందాలేస్తారని చెబుతారు, సగం మార్కులు. వసూళ్లు బ్రహ్మాండం, పూర్తి మార్కులు. పుస్తకాలకైతే పూర్తి మార్కులు కూడా చాలవు. తన తప్పుల్ని ఇంత శుభ్రంగా రాసి, అచ్చేసి, అందరికీ చదువుకోవడానికి పెట్టి, మళ్లీ చేసే సంస్థ ఇంకోటి లేదు.

లెక్క తేలిస్తే సి గ్రేడు. నిబంధనల ప్రకారం సి గ్రేడు సంఘానికి శిక్షణ ఇవ్వాలి, అది పూర్తయ్యేదాకా కొత్త అప్పు లేదు. దీనికి బ్యాంకు యాజమాన్యం స్పందన ఎలా ఉంటుందో కూడా నేను రాసివ్వగలను: సంఘం పరిశీలనలను స్వాగతిస్తున్నాం, వీటిలో చాలావరకు ఇప్పటికే అమల్లో ఉన్నాయి, మిగతావాటిపై వచ్చే ప్రాజెక్టులో దృష్టి పెడతాం.

వచ్చే ప్రాజెక్టు ఎలాగూ ఉంటుంది. వెలుగు నమూనా మీద 2011లో జాతీయ జీవనోపాధుల మిషన్ మొదలైతే బ్యాంకు దానికి వంద కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మన ఆడవాళ్లే బీహార్ దాకా వెళ్లి అక్కడివాళ్లకి సంఘం నడపడం నేర్పారు. ఆ అప్పుల సంగతికొస్తే, వెలుగు నాటి రోజుల్లో ఇలాంటి పథకాలకు బ్యాంకు మనకిచ్చినవి సాధారణంగా 35 ఏళ్ల గడువువి. మొదటి పదేళ్లు అసలు కట్టక్కర్లేదు, తర్వాత కట్టాలి. ప్రాజెక్టుకు 'మిక్కిలి సంతృప్తికరం' వచ్చినా, 'మిక్కిలి అసంతృప్తికరం' వచ్చినా కట్టాల్సిన అసలు ఒక్క పైసా తగ్గదు.