ముఖము గుర్తింపబడలేదు: సటీకా తాత్పర్యము

మూలం:
ముఖము గుర్తింపబడలేదు. దయచేసి మరల ప్రయత్నించుము.

అవతారిక. ఈ ద్వివాక్య మహాకావ్యం మా కాలేజీ గేటు పక్కన గోడకు బిగించిన అరచేతంత గాజుపలక మీద రోజూ పొద్దున్న ఎనిమిదీ యాభై ఎనిమిదికి దర్శనమిస్తుంది. కవి ఎవరో తెలియదు. కాలం నిరుడు ఆషాఢం. కావ్యావతరణకు హేతువు యాజమాన్యం వారి సర్క్యులరు. సిబ్బంది యావన్మందీ ముఖాధారిత హాజరు విధానమును విధిగా అవలంబించి పారదర్శకతకు తోడ్పడవలెనని అందులో ఉంది. పారదర్శకం అంటే అవతలి వైపు కనబడేది. ఆ పలకలో ఎంతసేపు చూసినా నాకు నేనే కనబడుతున్నాను, అవతల ఎవరున్నారో కనబడదు. సర్క్యులరుకు వేరే టీక రాయాలి, అది తర్వాత.

మెదక్ జిల్లా కొల్చారం పేరే ఇంటిపేరైన కొలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నేను ఏ ప్రతిజ్ఞా పట్టలేదని పాఠకులు గమనించాలి.

ప్రతిపదార్థం. ముఖము అంటే ముఖమే, దాన్ని వదిలేద్దాం. అసలు చిక్కు 'గుర్తింపబడలేదు' దగ్గర వస్తుంది. అన్నం నాచేత తినబడింది అని తెలుగువాడెవడూ అనడు. కర్మణి ప్రయోగం మనకు కాగితాల మీదే గాని నోట్లో లేదని పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. అయినా ఆఫీసులకు అదంటే ప్రాణం, ఎందుకంటే అందులో కర్తను చెప్పకుండా దాటేయవచ్చు. గుర్తింపబడలేదు, సరే, ఎవరిచేత? వాక్యంలో లేని పదాన్ని బయటినుంచి తెచ్చుకుని అన్వయించుకోవడాన్ని అధ్యాహారం అంటారు. కర్తను అధ్యాహారం చేసుకుందామని బయల్దేరాను. హెచ్‌ఆర్‌ అమ్మాయిని అడిగితే "నేను కాదు సార్, మెషీన్" అంది. మెషీన్ బిగించిన కుర్రాడు "మెషీన్ బానే ఉంది సార్, సర్వర్ ప్రాబ్లం" అన్నాడు. సర్వర్ ఎక్కడుంటుంది నాయనా అంటే చెయ్యి పైకెత్తి "క్లౌడ్‌లో" అన్నాడు. మల్లినాథుడంటే మేఘసందేశానికి కూడా వ్యాఖ్య రాసినవాడు, మేఘంతో మాట్లాడించగలడు. నాకా యోగం లేదు.

'దయచేసి' సంగతి. పెద్దలను దయచేయండి అంటే రమ్మని. దాతను దయచేయించండి అంటే ఇమ్మని. మాట తెగాక "ఇక దయచేయండి" అంటే వెళ్ళమని. గేటు దగ్గర ఇందులో ఏ అర్థం వర్తిస్తుందో చెప్పనక్కర్లేదు. 'మరల' అంటే మూడుసార్లు. మూడూ తప్పితే పలక అయిదు నిమిషాలు అలుగుతుంది. అది తేరుకునేలోగా తొమ్మిది దాటుతుంది, దాటితే సగం రోజు జీతం పోతుంది.

'ప్రయత్నించుము' అన్నదానికి ప్రయోగ విధానం మా వాచ్‌మన్ చెప్పాడు. పందొమ్మిదేళ్ళుగా నాకు గేటు తీస్తున్నవాడు. "మాస్టారూ, కళ్ళజోడు తీయండి. కాస్త ఎడమకి. ఆ, ఇప్పుడు కళ్ళార్పండి."

ఈ కళ్ళార్పడం దగ్గర వ్యాఖ్యాత ఆగక తప్పదు.

పలక ముందు మనిషి బదులు ఎవడైనా ఫొటో పట్టుకుంటాడేమోనన్న అనుమానంతో రెప్ప వేయమంటారు. ఇది మొన్నమొన్న కనిపెట్టిన విద్య అని ఆ కుర్రాడి నమ్మకం. కాదు. ఈ పరీక్ష పెట్టింది దమయంతి. స్వయంవరంలో ఇంద్రుడూ అగ్నీ యముడూ వరుణుడూ నలుడి రూపంలో వచ్చి నలుడి పక్కనే కూచున్నారు. అయిదు ముఖాలు, నూటికి నూరుపాళ్ళూ సరిపోలాయి. ఇక్కడే మన సాహిత్యంలోకెల్లా గొప్ప ఇరకాటం. శ్రీహర్షుడి నైషధంలో సరస్వతీదేవి ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ చదివిన శ్లోకాలన్నీ ఇటు నలుడికీ సరిపోతాయి, అటు ఆ దేవుడికీ సరిపోతాయి. ఒకటైతే అయిదుగురికీ సరిపోతుంది. పంచనళీయమని దానికి పేరే పడింది. చదువుల తల్లే దగ్గరుండి చెబుతున్నా దమయంతికి పోల్చుకోవడం కుదరలేదు. శ్రీనాథుడు శృంగార నైషధం రాస్తూ ఆ శ్లేషను తెలుగులోకి దింపడానికి పడ్డ పాట్లు వేరే కథ. అవి తలుచుకుంటే నాకు ఇప్పటికీ పీరియడు బెల్లు వినబడదు, పిల్లలు లేచి వెళ్ళిపోయినా తెలియదు. సరే, చివరికి దమయంతి పట్టుకున్న గుర్తులేమిటి? భారతకథ ప్రకారం దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో పూలు వాడవు, నీడ ఉండదు, కాలు నేలకు ఆనదు. చెమటతో, వాడిన దండతో, నీడతో, నేలమీద నించున్నవాడు మనిషి. వాణ్ణే ఆమె ఏరుకుంది.

ఎందుకు మొదలుపెట్టానిది? ఆ, రెప్ప. అయిదు గుర్తుల్లో పలక ఒక్క రెప్పనే తీసుకుని తక్కినవి వదిలేసింది. చెమట తీసుకుని ఉంటే ఎంత బావుండేది! ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించాలన్నారు. ఎండలో తట్ట మోసినవాళ్ళు సిగ్నల్ లేక కూలి పోగొట్టుకున్నారు. 2025 జులైలో కేంద్ర శాఖే సర్క్యులరులో ఒప్పుకున్నదేమంటే, పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయి, ఫొటోను మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారు అని. దొంగ నలులు దర్జాగా సభ దాటారు, నిజం నలుడు గేటు బయట ఉన్నాడు.

మా ఆయా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, టీకలో దానికి చోటు లేకపోయినా. ఆమె ఆరింటికే వస్తుంది. అప్పటికి చీకటి. గేటు లైటు మాడిపోయి మూడు నెలలైంది, మార్చలేదు. "అదేంటో బాబూ, నా మొకం దానికి ఆనదు" అంటుంది నవ్వుతూ. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు పరీక్షించిన వాణిజ్య ప్రోగ్రాములు ముఖం చూసి ఆడో మగో చెప్పడంలోనే, నల్లని ఒంటిరంగు గల ఆడవాళ్ళ దగ్గర నూటికి 34.7 దాకా తప్పాయి. తెల్లని మగవాళ్ళ దగ్గర తప్పు నూటికి ఒకటి కూడా లేదు. ఇది ఆయాకు చెప్పి ఏం లాభం? పోయిన నెల ఆమెకు నాలుగు సగం రోజులు కోశారు. హాలంతా ఊడ్చి ఉంది, బల్లలు తుడిచి ఉన్నాయి, ఊడ్చినావిడ మాత్రం రాలేదట. లైటు వేయించమని అర్జీ పెట్టాను. పరిశీలింపబడునని జవాబొచ్చింది. మళ్ళీ కర్మణి.

ఇక శాస్త్రం. పలక మన ముఖం చూడదు, ముఖాన్ని అంకెల వరసగా మారుస్తుంది. 2015లో గూగుల్ పరిశోధకుల ఫేస్‌నెట్ దాన్ని 128 అంకెలకు కుదించింది. అష్టోత్తరం మీద ఇంకో ఇరవై. చేరిననాటి అంకెలకూ ఇవాళ్టి అంకెలకూ దూరం ఒక హద్దు లోపల ఉంటే నేను నేనే. హద్దు ఎక్కడ గీయాలో ఒకాయన నిర్ణయిస్తాడు. హద్దు బిగిస్తే దొంగలతో పాటు దొరలూ ఆగుతారు, సడలిస్తే అందరూ లోపలే. గీసినాయన జీతం మాత్రం ఎటు గీసినా కోయరు.

ఇలా పోల్చుకోవడాన్ని మనవాళ్ళు ప్రత్యభిజ్ఞ అన్నారు. ఎప్పుడో కాశీలో చూసిన దేవదత్తుడే ఇప్పుడు మన వీధిలో కనబడితే "ఆ దేవదత్తుడే వీడు" అనుకోవడం. ఆ కాశీ, ఆ కాలం ఒకటి, ఈ వీధి, ఈ కాలం ఒకటి. రెండూ పొసగవు. అందుకని అద్వైతులు దేశకాలాలను విడిచిపెట్టి, రెండుచోట్లా ఉన్న మనిషిని మిగుల్చుకుంటారు. దాని పేరు జహదజహల్లక్షణ. విడవడం, విడవకపోవడం రెండూ ఉన్నది. మా పలక కూడా అదే లక్షణను పాటిస్తుంది, కాకపోతే తలకిందులుగా. గేటు నుంచి ఎన్ని అడుగులు, గంట ఎంత అన్నవి గట్టిగా పట్టుకుని దేవదత్తుణ్ణి విడిచేసింది. పక్కనే నించుని "ఈయన మన తెలుగు మాస్టారేనమ్మా" అని హెచ్‌ఆర్‌కు చెప్పిన వాచ్‌మన్ మాట, పందొమ్మిదేళ్ళ ప్రత్యక్షం, ప్రమాణం కాకుండా పోయింది.

ప్రమాణమంటే గుర్తొచ్చింది. తెలుగులో జీవన ప్రమాణం అంటే మనిషి ఏపాటి తింటున్నాడు, ఎలా బతుకుతున్నాడు అని. పెన్షనర్లకు 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు అర్థం అసలు బతికున్నాడా అని. 2021 నుంచి దానికీ ముఖం చూపించవచ్చు. నాకింకా ఆరేళ్ళుంది.

పాఠాంతరం. మొన్న శుక్రవారం పలక మీద వేరే పాఠం కనబడింది. "ముఖము గుర్తింపబడినది. స్వాగతము" అని, కింద మా బాటనీ మాస్టారి పేరు. నాకూ ఆయనకూ మీసం తప్ప పోలిక లేదు. ఒకదాన్ని చూసి మరొకటనుకుంటే భ్రాంతిమదలంకారం. మరల ప్రయత్నించబోతే ఒక మనిషికి పూటకు ఒకటే హాజరని, అది పడిపోయిందని చెప్పింది. వెనక పదిమంది లైనులో ఉన్నారు. లోపలికి వెళ్ళి నాలుగు పీరియడ్లూ చెప్పాను. ఆ వేళ బాటనీ మాస్టారు కూతురి సీమంతానికి రాజమండ్రిలో ఉన్నాడు. ఆయనకు హాజరు పడింది, నాకు సెలవు కోశారు. సాయంత్రం ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"అయితే మాస్టారూ, రేపు కూడా కాస్త అలాగే రాగలరా" అన్నాడు.