నాది కాని మాట

నేను చేసిన తెలివితక్కువ పనికి మూలం సంతోషమే. అందుకే దాన్ని తెలివితక్కువతనమని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒంగోలులో పుట్టాను. బాప్టిస్టు సంఘంలో పెరిగాను. సండే స్కూల్లో వాక్యాలన్నీ కంఠతా పట్టాను. అయినా దేవుడంటే నాకు భయమే ఉండేది. పైన కూర్చుని నా తప్పులకు లెక్క రాసుకుంటున్నాడనుకునేదాన్ని. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఒక వేసవి మధ్యాహ్నం లూకా సువార్త పదిహేనో అధ్యాయం చదువుతూ తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి దగ్గర ఆగిపోయాను. కొడుకు ఇంకా దూరాన ఉండగానే ఆయన పరుగెత్తుకెళ్ళాడు. దారి పొడుగునా వాడు సిద్ధం చేసుకున్న మాటలు పూర్తి కాకముందే మంచి బట్టలు తెమ్మని పనివాళ్ళను కేకేశాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే, కానీ ఆ పరుగు నా కోసమేనని ఆ రోజే తెలిసింది. చాలాసేపు ఏడ్చాను. లేచేసరికి భయం లేదు.

ఆ సంతోషం నిజం, ఇప్పటికీ నాలో ఉంది. మనవరాలు పుట్టిందని వీధి వీధంతా చెప్పుకునే మనిషిని ఎవరూ తప్పుపట్టరు. నేనూ అలాగే కూరలమ్మే ఆమెకు చెప్పాను, బస్సులో పక్క సీటామెకు చెప్పాను. కొందరు విన్నారు, కొందరు కిటికీ వైపు తిరిగారు. అందులో పశ్చాత్తాపపడాల్సింది ఏమీ లేదని ఈనాటికీ అనుకుంటాను.

తప్పు జరిగింది పక్కింటి పిన్నిగారి దగ్గర. మా పిల్లలను ఎత్తుకు పెంచిన మనిషి. బాబాయిగారికి లివరు జబ్బు ముదిరితే గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. క్యారేజీలో అన్నం తీసుకుని వెళ్ళాను. ఆ అన్నం పెట్టి పక్కన కూర్చుంటే సరిపోయేది. వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని, "యేసయ్యను నమ్మండి పిన్నీ, బాబాయిగారు లేచి నడుస్తారు" అన్నాను. కొత్త నిబంధన చేతిలో పెట్టాను. ఇద్దరిని కొలిస్తే ప్రార్థన వినబడదని కూడా అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. పుస్తకం ఆయన తలగడ కింద పెట్టింది. పెళ్ళైన నాటి నుంచి వెంకటేశ్వరస్వామికి మానకుండా పెడుతున్న శనివారపు దీపం మానేసింది.

ఆయన ఆ నెలలోనే పోయారు.

పెదకర్మ అయి చుట్టాలంతా వెళ్ళిపోయాక పిన్నిగారు నన్ను లోపలికి పిలిచింది. "నా నమ్మకం చాలలేదా అమ్మాయ్? లేకపోతే దీపం మానేసినందుకు స్వామికి కోపం వచ్చిందా?" అని అడిగింది. భర్త పోయిన దుఃఖం ఆమెకు ఎలాగూ తప్పదు. దాని మీద రెండు నేరాలు నేను మోపాను.

నాకు బైబిలు తెలియదని చెప్పుకోవడానికి లేదు. తన ప్రతిమకు మొక్కకపోతే కాల్చేస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి, మా దేవుడు కాపాడగలడు, కాపాడకపోయినా సరే నీ ప్రతిమకు మొక్కం అన్నారు. సండే స్కూల్లో ఆ ముగ్గురి పేర్లూ గబగబా చెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, కృప దొరికింది గానీ ముల్లు పోలేదు. స్వస్థత కోసం ప్రార్థించమని బైబిలు చెబుతుంది. జరిగి తీరుతుందని దేవుడి తరఫున మాట ఇచ్చే అధికారం మాత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఒంగోలు మనిషినై ఉండి ఈ పని చేశానే అన్నది మరింత బాధ. మా చర్చిల్లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి వినని వాళ్ళుండరు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించారు. పని మధ్య విరామంలో బోధకులు వాళ్ళ పక్కన కూర్చుని సువార్త చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం వస్తున్నారేమోనన్న సందేహం ఉన్నంత కాలం ఆపారు. ఆ తరవాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మేమంతా ఆ అంకె చెప్పుకుని పొంగిపోతాం. దానికి ముందు ఆయన చేతులు కట్టుకుని ఆగిన కాలాన్ని ఎవరం తలుచుకోం. తన చేతిలో కూలి ఉంది కాబట్టి ఆయన ఆగారు. నా చేతిలో ఏమీ లేకపోయినా, పిన్నికి భర్త ప్రాణాన్ని ఆశగా చూపించాను.

ఆ కరువుకంటే ముందే మా వైపు సువార్త చెప్పినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్థుడు, యోగసాధన చేసి దేవుణ్ణి వెతుక్కున్న మనిషి. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకోకముందే తన ఊరివాళ్ళకు, బంధువులకు చెప్పడం మొదలుపెట్టాడు. ఇస్తానని చెప్పడానికి ఆయన దగ్గర ఏముంది? తనకు దొరికింది చెప్పాడు, అంతే. ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో సంఘాలు అలా మొదలయ్యాయి.

పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, "దేవుడు చెప్పమనని మాట చెప్పాను. మీ నమ్మకంలో లోపం లేదు. దీపం వల్లా ఏమీ కాలేదు. తప్పు నాది" అన్నాను. ఆమె వెంటనే క్షమించలేదు. "దేవుడి తరఫున మాట ఇవ్వడానికి నువ్వెవరివే?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనది. తలవంచుకుని విన్నాను. శనివారం దీపం మళ్ళీ పెట్టుకుంది.

తరవాత చాలా కాలానికి ఆమే అడిగింది, "అసలు నీకెందుకంత సంతోషం? అది చెప్పనే లేదుగా" అని. నిజమే. ఆసుపత్రిలో అన్నీ చెప్పాను, అదొక్కటే చెప్పలేదు. ఆ పూట లూకా పదిహేను చదివి వినిపించాను, నాకున్న భయం ఎలా పోయిందో చెప్పాను. ఆమెను ఇంకేమీ అడగలేదు.

ఆమె చివరిదాకా విని, "తమ్ముడి విందుకి రానని అలిగిన పెద్దోడు లోపలికి వెళ్ళాడా మరి?" అంది. రాయలేదన్నాను. "తండ్రి బయటికొచ్చి వాణ్ణి కూడా బతిమాలుతున్నాడు చూడు. అది నాకు నచ్చింది" అంది. చిన్న కొడుకు కోసం ఆయన పెట్టిన పరుగు చూసి మురిసిపోయానే గానీ, అలిగిన పెద్దవాడి కోసం కూడా గడప దాటాడన్నది అంతవరకూ నా మనసుకు పట్టలేదు.

ఆమె ఆ తండ్రిని ఎరగాలని రోజూ ప్రార్థిస్తాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను కూడా, దాచలేదు. "చేసుకో, నీ ఇష్టం" అంది. పెద్దోడి ముక్క మాత్రం ఇంకోసారి చదవమంది.