బెండమొక్కకు షోకాజ్ నోటీసు

వేసవి సెలవుల్లోనూ బడితోటలు పచ్చగా ఉండాలట. వారం వారం ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలట. ఎండిపోతే హెడ్మాస్టరుదే బాధ్యతట. ఇదీ బడులకొచ్చిన సర్క్యులర్. అందులో నాకు కనిపించిన లోపం ఒక్కటే. ఎండిపోయింది మొక్క అయితే, మెమో హెడ్మాస్టరుకెందుకు? మొక్కకే ఇవ్వాలి!

ముందు బెండమొక్కకు ఫేస్ రికగ్నిషన్ హాజరు పెట్టండి. ఉదయం 9కి నిటారుగా నిలబడి, మధ్యాహ్నం రెండయ్యేసరికి తల వాల్చేస్తే ఒంటిపూట సెలవు కోయండి. టమాటా మీద క్రమశిక్షణ చర్య తప్పదు. ఎండ 38 డిగ్రీలు దాటితే చాలు, పై అధికారి అనుమతి లేకుండానే పూత రాల్చేస్తోంది. సంజాయిషీ అడిగితే రోహిణి కార్తె అంటుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పి ఉండొచ్చు, దానికి జీవో నంబరుందా? ఆనపపాదు మరీ బరితెగించింది. కేటాయించిన పందిరి వదిలేసి, గోడ దూకి పక్కింటి వేపచెట్టు నీడకు చేరింది. అది అక్రమ డిప్యుటేషన్. ఉన్నవాటిలో తోటకూరే బుద్ధిమంతురాలు. ఉత్తమ ఉద్యోగి అవార్డుకు పేరు పంపేలోపే మేక మేసేసింది. ప్రహరీ కట్టించనందుకు ఎవరినీ అడగలేం కనుక మేకను బదిలీ చేద్దాం.

ఇక విచారణాధికారి మడుల దగ్గరికి వెళ్తారు. కుళాయిల వరస కింద నుంచి తోటలోకి తవ్విన చిన్న కాలువ కనిపిస్తుంది. పిల్లలు అన్నం తిని చేతులు, పళ్లేలు కడిగిన నీళ్లే ఇన్నాళ్లూ అందులో పారాయి. ఏప్రిల్ చివర బడి మూశారు. భోజనం ఆగింది, కాలువా ఎండింది. అడుగున నాలుగు మెతుకులు అంటుకుని గట్టిపడి ఉన్నాయి.

బోరు మోటారూ పాడైంది. మరి నీళ్లెవరు పోయాలి? ‘స్థానికంగా సర్దుబాటు చేసుకోవాలి’ అంటోంది కాగితం. సర్దుబాటంటే బడిలో మధ్యాహ్న భోజనం వండే వంటావిడే. ఆమెకు కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. 2009 నుంచి అదే అంకె, అదీ ఏడాదికి 10 నెలలే. రాష్ట్రం పైన కొంత కలిపినా సెలవు నెలల్లో ఆమె చేతికొచ్చేది సున్నా. ఆ సున్నాకే నడినెత్తి ఎండలో బిందెలు మోయమంటున్నారు!

పోనీ, ఆ కాయలు తినడానికి పిల్లలున్నారా? కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. దాని అమలుకు ఫొటో అడిగినవాళ్లు లేరు. బెండమొక్క వాడిందా లేదా అన్నది వారం వారం కావాలి. కూలికి పోయినవాళ్ల పిల్లాడు మధ్యాహ్నం ఏం తిన్నాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

తోట కావాలా? బోరు మోటారు బాగుచేయించండి, వంటావిడకు ఆ రెండు నెలలూ జీతమివ్వండి, పిల్లలకు అన్నం పెట్టండి. చేతకాదంటే తోటను ఎండిపోనివ్వండి. తొలకరికి గోంగూర గింజలు చల్లుకుంటాం. అంతేగానీ, మీ ఫొటో కోసం ఆవిడతో ఉత్తపుణ్యానికి చాకిరీ చేయించే హక్కు మీకెవరూ ఇవ్వలేదు.