ఏజెంటు తొలిపలుకు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఆత్మకూర్ (ఎస్) మండలంలో డిగ్రీ చదివి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి విసిగిన ఒక పిల్లగాడు బీమా ఏజెంటు పరీక్ష పాసై, కొత్త రెక్సిన్ సంచి చంకన పెట్టుకొని తొలి గడప తొక్కాడు. వాకిట్లో నులకమంచం, మంచం మీద బాబాయి, బాబాయి వేళ్ల సందున బీడీ. సూర్యాపేట మార్కెట్లో వడ్లు అమ్మి వచ్చిన మర్నాడు. అప్పుడు పలికిన వాక్యమిది.

మూలం: “బాబాయ్, ఉత్తగనే వచ్చిన. ఈడ ఒక్క సంతకం పెట్టు. రేపెట్లుంటదో ఎవరికెరుక!”

ప్రతిపదార్థం: బాబాయ్ = తండ్రి తమ్ముడా (వరుస తెలియనిచోట వయసును బట్టి గ్రహించునది); ఉత్తగనే = పని మీదనే; వచ్చిన = మళ్లీ వచ్చుటకే వచ్చితిని; ఈడ = వేలు పెట్టిన చోట, పేజీ తిప్పాక మరో మూడు చోట్ల; ఒక్క = పదిహేనేండ్లు కట్టవలసిన; సంతకం = చేవ్రాలు; పెట్టు = కట్టు; రేపు = నోట పలకరాని ఆ దినమున; ఎట్లుంటదో = ఇంటి సంగతి ఏమగునో; ఎవరికెరుక = నాకెరుకే, నేను చెప్పను.

టీకా: “ఎస్” అనగా సూర్యాపేట. మోత్కూరు వైపు ఆత్మకూర్ (ఎం) ఉన్నందున ఈ గుర్తు. ఎస్ అంటే సంతకమని ఏజెంట్లు చెప్పే అర్థం ఆదరణీయం కాదు. ఇక ఆత్మకు నిప్పూ నీరూ తగలవు గనుక దానికి పాలసీ లేదు. మిగిలిన బాబాయికే బీమా.

“బ్రోకరు” అని పాఠాంతరం. అది పొసగదు. ఏజెంటు కంపెనీ మనిషి. బ్రోకరు పాలసీదారు తరఫు మనిషి, ఏ కంపెనీ పాలసీ అయినా తేగలడు. అందుకు 2018 నిబంధనల ప్రకారం డైరెక్టు బ్రోకరుకు కనీస మూలధనం 75 లక్షలు. మన నాయకుని మూలధనం కిస్తీల మీద తెచ్చిన బండి. పైగా ఊళ్లో బ్రోకరంటే భూముల బేరగాడే గుర్తొస్తాడు.

“ఉత్తగనే” అన్నది శ్లేష. పిల్లగాడు “ఊరికే” అన్నాడు. బాబాయి “పైసల్లేకుండా” అని విన్నాడు. కనుక పూర్వపక్షం: “సర్కారు రైతుబీమా ఉత్తగనే ఇస్తుంది గద, ఐదు లక్షలు! నీదెందుకు?” సిద్ధాంతం: 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకం 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారుకు. పట్టా లేని కౌలు రైతుకు ఆ గొడుగు తెరుచుకోదు, అరవై నిండినవాడికి మూసుకుంటుంది. బాబాయికి యాభై ఆరు.

బాబాయి రెండో అస్త్రం: “అయితే నీ కమిషన్ల సగం నాకియ్యి.” 1938 బీమా చట్టం 41వ సెక్షన్ దీన్ని నిషేధించింది. ఇచ్చినా తప్పే, పుచ్చుకున్నా తప్పే. జరిమానా పది లక్షల దాకా.

ఎల్‌ఐసీ ముద్ర మీది “యోగక్షేమం వహామ్యహం” అన్న మాట గీత తొమ్మిదో అధ్యాయానిది. లేనిది రావడం యోగం, వచ్చింది నిలవడం క్షేమం అని భాష్యకారులు. ఇక్కడ క్షేమం కావలసింది బాబాయికి, యోగం కావలసింది పిల్లగాడికి.

ఫారంలో ఒక ప్రశ్న: పొగతాగే అలవాటు ఉందా? పిల్లగాడి పెన్ను “లేదు” వైపు వాలింది. బీడీ బూడిద ఆ గడి మీదనే రాలింది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్లలో దాచిన సంగతి బయటపడితే కంపెనీ పాలసీని ప్రశ్నించవచ్చు; మూడేళ్లు నిండితే ప్రశ్నించరాదు. మాటలో “ఉత్తగనే” అన్న బొంకు మర్యాద. గడిలో “లేదు” అన్న బొంకు పిన్ని నోటికాడి కూడు తీస్తుంది. పిల్లగాడు బూడిద ఊది “ఉంది” అని రాశాడు. ప్రీమియం పెరిగినా పెరగవచ్చన్నాడు.

బాబాయి ఉత్తరం: “రేపు రా.”

తాత్పర్యం: ఇద్దరూ “రేపు” అన్నారు. ఒకరి రేపు తప్పక వచ్చేది, ఒకరి రేపు ఎన్నటికీ రానిది. రెంటి నడుమ తిరగడమే ఈ వృత్తి.

విశేషం: ఒకప్పుడు దయ్యం రాకుండా తలుపుల మీద “రేపు రా” అని రాసేవారు. అది చదువుకొని దయ్యం తిరిగిపోయేదట. ఏజెంటుకూ చదువొచ్చు. కాని అతడు మర్నాడు పొద్దున్నే వచ్చాడు.