నా నెత్తిన రాయి

బోర్లా పెడితేనే నాకు బతుకు. వెల్లకిలా తిప్పితే మామూలు బుట్టని, పెరట్లో ఎండుటాకులు ఎత్తడానికి తప్ప పనికిరాను. కోళ్ల గంప అన్న పేరు నిలబడాలంటే నోరు నేలకానించి, నెత్తిన రాయి మోస్తూ కూర్చోవాల్సిందే.

నాది మన్యం వెదురు. సంతకు వచ్చే మేదర దంపతుల్లో ఆయన బద్దలు చీలిస్తే ఆవిడ అల్లింది. గాలి ఆడేంత సందు ఉండాలి, పిల్ల తల దూరనంత బిగువూ ఉండాలి. ఆ కొలత ఆవిడ వేళ్లకే తెలుసు. చిన్న కోడిపిల్లల్ని తీసుకోవడానికి పైన చెయ్యి పట్టేంత కంత కూడా వదిలింది. మామ్మగారు నన్ను అటూ ఇటూ తిప్పి, అంచు నొక్కి చూసి, "గట్టిగా ఉంటుందా?" అంది.

"ఏనుగెక్కినా కదలదమ్మా."

"నాకు ఏనుగుల్లేవు. పుంజొకటి, పెట్టలారు. ఎంతకిస్తావో చెప్పు."

అలా కోనసీమలో, నాలుగు కొబ్బరిచెట్లూ ఒక మునగచెట్టూ ఉన్న పెరట్లోకి వచ్చి పడ్డాను.

కోళ్లు పెంచడమంటే నూకలు చల్లడం, గుడ్లు ఏరుకోవడం అనుకుంటారు చాలామంది. పగలు వాటి తిండి చాలావరకు అవే చూసుకుంటాయి. పేడకుప్ప కెలికి పురుగులు తింటాయి, తడికల కింద చెదలు పొడుచుకుంటాయి, ఎండిన మట్టిలో గొయ్యి తీసుకుని పొర్లి ఒంటి మీది పేలు దులుపుకుంటాయి. మనిషితో పని పడేది పొద్దుగూకే వేళ. మసక చీకట్లో కోడికి చూపు ఆనదు. మామ్మగారు గుప్పెడు నూకలు చల్లి నన్నొక పక్కకి ఎత్తి పట్టుకుంటే, పెట్టలు ఒకదాని వెనక ఒకటి దూరతాయి. పుంజు మాత్రం ఇంటిపెద్దలా నాలుగు వైపులా చూసి, అందరి తర్వాత వస్తుంది. అప్పుడు మామ్మగారు కంతలోంచి చెయ్యి పెట్టి, వీపులు తడుముతూ లెక్క చూసుకుంటుంది. లెక్క తగ్గిందంటే ఏదో ఒకటి మునగచెట్టెక్కి ఉంటుంది. అప్పుడిక కోడలు గెడ పట్టుకుని చెట్టు కింద నుంచోవడం, పైనున్నది కొమ్మ మారడం, ఇంట్లో కూర మాడడం!

పెళ్లివారు దిగిన ఒక రాత్రి హడావుడిలో పలకరాయి పెట్టడం మరిచారు. ముంగిస నా అంచు కింద మూతి పెట్టి ఎత్తింది. నా బరువెంత గనక? తెల్లారి చూస్తే మూడు పెట్టలు పడి ఉన్నాయి. మెడలు కొరికి వదిలేసి పోయింది. ఊళ్లో అందరూ గంపని నమ్మి పడుకుంటారు గానీ, కాపలా అంతా ఆ రాయిదే.

గుడ్డు సంగతి చెప్పాలి. రోజుకొక గుడ్డు అంటారు గానీ, ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అంచేత ఇవాళ 8 గంటలకు పెట్టిన పెట్ట రేపు 9 దాటాక పెడుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటిందంటే ఒక రోజు ఎగ్గొట్టి మళ్లీ పొద్దున్నే మొదలెడుతుంది. కొత్తగా వచ్చిన కోడలికి ఇది తెలియక, గుడ్డు మాయమైన రోజల్లా పక్కింటి పిల్లాణ్ణి అనుమానించేది.

నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగు మీదికొస్తుంది. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళితే కుర్రుమని కసురుతుంది. పిల్లలు వద్దనుకుంటే పొదుగు మాన్పించాలి. ముక్కులో ఈక గుచ్చడం పాత పద్ధతి. కోడలు అది పడనివ్వలేదు. గడ్డి లేని ఒట్టి నేల మీద, గాలి తగిలేచోట నా కింద మూసి మేత, నీళ్లు ఇస్తే నాలుగైదు రోజుల్లో దిగొస్తుంది. పొదగడం, పెరగడం, మానడం, మూడూ నా కిందే.

కోడలు గ్రామప్రియ రకం కోడిపిల్లల్ని తెచ్చిన రోజు ఇంట్లో పెద్ద వాదన. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. వనరాజా కూడా వాళ్లదే. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, తవుడూ నూకలూ సరిగా పడితే ఇది దానికి రెండు మూడింతలు పెడుతుంది. గోధుమరంగు గుడ్లు. కానీ పొదుగు మీద దాదాపు కూర్చోదు. గుడ్డు పెట్టి లేచి పోతుంది.

"పెట్టి పోయేది తల్లేమిటే?" అంది మామ్మగారు.

"గుడ్లు మనకి కదా అత్తయ్యా, పిల్లలు నల్లపెట్టకి."

ఆ మాట నాకు నచ్చింది. పక్కా లెక్క. గ్రామప్రియ గుడ్లు మా నాటు నల్లపెట్ట కింద వేశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తల్లంత గుడ్లు పెట్టవు, ఆ గుణం తరం మారితే జారిపోతుంది. అది కోడలికి తర్వాత తెలిసింది. అయినా మానలేదు. పెరట్లో ఒక్క నాటు పెట్ట లేకపోతే మందంతా ఏటా కొనుక్కోవాల్సిందే కదా.

పొదగేసేటప్పుడు పళ్లెంలాంటి చిన్న బుట్టలో గడ్డి పరిచి, పేలు పట్టకుండా అడుగున బూడిద, వేపాకు వేస్తారు. దాని మీద నేను. ఏడో రోజు రాత్రి కోడలు సెల్‌ఫోన్ లైటు వేసి గుడ్లు ఒక్కొక్కటీ చూసింది. ఎర్రటి నరాలు కనిపించినవి మళ్లీ పెట్టేసింది, తేటగా ఉన్నవి పక్కన పెట్టింది. నల్లపెట్ట రోజుకోసారి లేచి, గబగబా తిని, రెట్ట వేసి, గుడ్లు చల్లారకముందే వచ్చేది. ముక్కుతో ఒక్కోటీ తిప్పేది. 20వ రాత్రి పెంకు లోపలినుంచి సన్నగా కీచుకీచు వినిపించింది. పెట్ట గొంతులోనే గొణుగుతూ జవాబిచ్చింది. 21వ రోజు మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు దాని రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి. వాటికి వెంటనే మేత అక్కర్లేదు, పచ్చసొన కొంత కడుపులోనే దాచుకుని పుడతాయి.

వీధిలో సైకిలు మీద అమ్మే గులాబీ, ఆకుపచ్చ రంగు పిల్లల గురించి కూడా చెప్పాలి. గుడ్ల హేచరీలకు అక్కర్లేని మగపిల్లలవి. మనవరాలు ఏడ్చి నాలుగు కొనిపించుకుంది. తల్లి వెచ్చదనం లేదు, నా కింద ఒక మూల ముడుచుకున్నాయి. రెండు మిగిలాయి. రంగు ఈకలు రాలిపోయి తెల్ల పుంజులై తేలితే మనవరాలు వాటిని తనవి కావంది.

అన్నిటికంటే చెడ్డది కొక్కెర తెగులు. ఒక ఎండాకాలం వచ్చింది. ముందు పచ్చగా, తెల్లగా రెట్ట, నోరు తెరిచి రొప్పడం, తర్వాత మెడలు మెలితిరిగి వెనక్కి పడిపోవడం. వారం తిరగకుండా పెరడు ఖాళీ. నన్ను కడిగి, ఎండబెట్టి, అటక మీద పడేశారు. ఇప్పుడు అది రాకుండా అయిదో రోజు నుంచి ఏడో రోజు లోపల పిల్ల కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌2బి సూది. చిక్కేమిటంటే మందు సీసా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, విప్పాక ఎక్కువసేపు నిలవుండదు. తొమ్మిది పిల్లలకు వంద చుక్కలు! అంచేత కోడలు వీధంతా చాటింపు వేస్తుంది. ఆ పొద్దున మా గుమ్మం ముందు గంపలే గంపలు. ఒకటి ప్లాస్టిక్‌ది కూడా వచ్చింది. దానితో నేను మాట్లాడలేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మా మంద పగలంతా మూతే. ఊళ్లో చికెన్ కొనేవాళ్లు తగ్గారు. పుంజు నా సందుల్లోంచి పేడకుప్పని చూసి చూసి అరిచింది.

కోళ్లకి తోటతో పడదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మొలిచిన తోటకూర మడిని ఒక్క పూటలో గీరిపారేస్తాయి. అందుకని ఈ ఏడు వంగనారు మీద నన్ను బోర్లించారు. లోపల నారు, బయట కోళ్లు. ఇంతకాలం లోపల పెట్టి కాపాడినవాళ్ల మీదే నన్ను కాపలా పెట్టడం నాకేం నచ్చలేదు.

నా అంచు ఒకచోట విరిగింది. "కొత్తది కొందాం అత్తయ్యా, ఇనప జాలీ గూడు చేయిస్తే ముంగిస బెడద ఉండదు" అంటోంది కోడలు. జాలీ సంగతి నిజమే. మామ్మగారు మాత్రం, "కట్టించు. దీన్ని నారుకి వాడుకుందాం" అంది. నారుకట! నల్లపెట్ట మళ్లీ ఉబ్బి కుర్రుమంటోంది, మేదరావిడ వచ్చేది శనివారం సంతకి. ఆ గుడ్లు ఆ జాలీలో ఎలా పొదిగిస్తారో చూస్తాను.