ఆవిడంటే ఏ ఆవిడ?

అమెరికా కాలేజీల ప్రవేశపరీక్ష శాట్‌కి చదివే పిల్ల ఇంట్లో ఉంటే మిగతావాళ్ళు నోరు విప్పేముందు కాస్త వెనకాముందూ చూసుకోవాలి. మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. లెక్కలు చేసినంతకాలం ఇల్లు ప్రశాంతంగానే ఉంది. ఇంగ్లీషు సర్వనామాల దగ్గరికొచ్చేసరికి పిల్ల కాస్తా పోలీసైపోయింది.

రూలు చిన్నదే. హి, షి, ఇట్, దే అంటూ ఏది వాడినా, అది ఎవరి బదులు నిలబడిందో వాక్యంలో ఒక్కరే తేలాలి. ఇద్దరు తేలితే తప్పు. ఎవరూ తేలకపోతే మరీ తప్పు. మా అమ్మ మాటలన్నీ ఈ మరీ తప్పు కిందకే వస్తాయి. "వాళ్ళొచ్చారట, అదిచ్చేసి వెళ్ళారట, ఆవిడే చెప్పింది" అంటుంది పొయ్యి దగ్గర్నుంచి. మా ఆవిడ "ఎప్పుడూ?" అని మాత్రం అడుగుతుంది. మిగతావన్నీ అందిపోయాయన్నమాట.

"అమ్మమ్మా, వాళ్ళంటే ఎవరు? అదంటే ఏది?"

"నీకెందుకే అవన్నీ, చదువుకో!"

చదువుకుంటోంది కాబట్టే అడిగింది పాపం.

ఓ రోజు ప్రాక్టీసు ప్రశ్నని తెలుగు చేసి అమ్మ ముందు పెట్టింది. 'సుశీల సరోజతో మాట్లాడుతున్నప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది.' ఎవరికొచ్చింది?

"సుశీలకే" అంది అమ్మ, తడుముకోకుండా.

"ఎలా చెప్పగలవు?"

"సరోజ గొంతు వింటే ఎవరికైనా వస్తుంది."

సరోజ ఎవరో మాకెవరికీ తెలీదు. పరీక్ష పెట్టేవాళ్ళకీ తెలీదు. వాళ్ళ ఇబ్బందే అది. వాళ్ళ పాఠకుడికి ఏ ఊరివాళ్ళూ తెలీదు, ఎవరి గొంతూ గుర్తుండదు. పాపం, కాగితం మీదున్నదే వాడికి ఆధారం. మన వీధి అరుగు మీద ఒక్క సాయంత్రం కూర్చోని మనిషి కోసం రాయడమంటే ఇంత కష్టమూ ఉంటుంది మరి.

ఇక 'ఇట్స్' గొడవ. ఇంగ్లీషులో రాముడి విల్లనాలంటే రాముడి పేరు పక్కన, పైన ఓ కామా వేలాడదీయాలి. 'దాని' అనడానికి 'ఇట్' దగ్గరకొచ్చేసరికి అదే కామా పెడితే మార్కు పోతుంది. ఎందుకని అడిగితే అంతే అంటారు.

పరీక్ష పెట్టేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2002 అక్టోబరులో అమెరికాలో, శాట్‌కి ముందు రాసే పీఎస్ఏటీ రాసిన పిల్లలకి టోనీ మారిసన్ మీద ఓ వాక్యమిచ్చి, తప్పుంటే పట్టుకోమన్నారు. 1993లో నోబెల్ అందుకున్న రచయిత్రి ఆవిడ. మారిసన్ ప్రతిభ ఆవిడ చేత నవలలు రాయిస్తోందని దాని సారాంశం. తప్పేమీ లేదన్నదే వాళ్ళ జవాబు. మేరీలాండ్‌లో ఓ బడిపంతులు ఊరుకోలేదు. వాక్యంలో ఉన్నది మారిసన్ ప్రతిభే గానీ మారిసన్ కాదు కదా, 'ఆవిడ' ఎవరి బదులొచ్చినట్టు అని నిలదీశాడు. పాత వ్యాకరణ పుస్తకాల్లో అలాంటి రూలు ఉన్నమాట నిజమే. పరీక్షవాళ్ళు మొదట కాదు కూడదన్నారు. ఆయన వదల్లేదు. చివరికి 2003లో ఆ ప్రశ్నే తీసేసి మార్కులు మళ్ళీ లెక్కగట్టారు.

ఇదంతా అమ్మకి చెప్పాను. "ఇంకే ఆడమనిషైనా ఉందా అందులో?" అంది. లేదన్నాను. "మరి ఆవిడంటే ఆవిడే కదరా!" నా ఓటూ అమ్మకే. పంతులుగారి పట్టుదలకి దణ్ణం పెడతాను గానీ, ఆ వాక్యం చదివి ఆవిడెవరో తెలీక తికమకపడ్డ మనిషిని ఒక్కణ్ణి చూపించమనండి.

పట్టు వదలని మా పిల్ల ఆదివారం పొద్దున్నే హుకుం జారీ చేసింది. మధ్యాహ్నం దాకా ఆవిడలూ వాళ్ళూ లేరు, అందరూ పేర్లతోనే మాట్లాడాలి. అమ్మ సరేనంది. ఒప్పుకుంటే నూటికి నూరుపాళ్ళూ చేసే మనిషి. వంటింట్లోంచి గొంతెత్తి, "రాజ్యలక్ష్మి ఇడ్లీ గిన్నె పట్టుకెళ్ళి నెలైంది. రాజ్యలక్ష్మి తెచ్చివ్వదు. రాజ్యలక్ష్మి సంగతి నాకు తెలీదూ!" అంది.

సర్వనామం మన ఇళ్ళల్లో ఎందుకు పుట్టిందో అప్పుడర్థమైంది. రాజ్యలక్ష్మిగారు గిన్నెతో సహా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అమ్మ రెప్ప వెయ్యలేదు. "మీరు కాదమ్మా, ఇంకో రాజ్యలక్ష్మి."

"ఏ రాజ్యలక్ష్మండీ?" అన్నారావిడ, గిన్నె ఇవ్వకుండానే.