పాతాళ పట్టభద్రుడు

కాశికి పోయివచ్చినవారు కాయనో పండునో అచ్చట వదలివత్తురు గాని, ఢిల్లీకి పోయివచ్చినవారు వదలునది ఏమియు నుండదు. పైపెచ్చు అచ్చటిదేదో యొకటి మోసికొని వచ్చి మన నెత్తిన బెట్టుదురు. మా కమలాపురమున నిట్టివారిలో అగ్రగణ్యుడు నాకు వరుసకు మామ. కుమారుని కాలేజీలో జేర్పించు నెపమున ఢిల్లీకేగి, కుతుబ్ మీనారు వంకగాని ఎర్రకోట వంకగాని కన్నెత్తియైన చూడక, విశ్వవిద్యాలయ అను భూగర్భ మెట్రో స్టేషనును మాత్రము తనివితీర సేవించి మరలివచ్చిన మహానుభావుడాయన.

ఢిల్లీలో భూమిలోపల మొట్టమొదట మెట్రో నడచినది 2004 డిసెంబరులో ఆ స్టేషనుకును కాశ్మీరీ గేటుకును నడుమనే యనియు, 2009లో జహంగీర్‌పురి దాక దారి సాగువరకు ఉత్తరమున అదియే కడపటి మజిలీ యనియు, 1922లో పుట్టిన విశ్వవిద్యాలయమునకు ఎనుబదియేండ్లు దాటినపిదపగాని ఆ పాతాళద్వారము ప్రాప్తింపలేదనియు ఆయన చెప్పగా వినని ప్రాణి మా యూర లేదు. పుస్తె కట్టు సమయమున వధువు తండ్రి చెవిలో సైతము చెప్పినాడు. ఆ తండ్రి కంట నీరు పెట్టుకొనుటకు కారణము కుమార్తెపై మమకారమే యని అందరు ననుకొనిరి. హైదరాబాదు మెట్రో మాట యెత్తినచో ఆయనకు కోపము. ఉస్మానియా విద్యార్థులు దిగు తార్నాక స్టేషను స్తంభములపై నున్నది గదా, "పైన పోయేది కాకులు గూడా పోతాయి. కింద పొమ్మను చూద్దాం!" అనును.

ఆయనను వశపరచుకొన్నది ఆ త్రవ్వకమే. మన సీమ రైతు వందల అడుగులు బోరు దింపి, నీటికి మారు అప్పును పైకి తెచ్చుకొనువాడు. అట్టివానికి, నేలను త్రవ్వినచోట నిమిషముల మీద బండ్లును, బండ్లనిండ మనుష్యులును ఊరుచుండుట గాంచినపుడు మతి పోకుండునా? "అబ్బీ, నేను మూడు బోర్లు ఏపిస్తి. దుమ్ము తప్ప యేమన్నా వచ్చెనా? ఆడ తవ్వితే పిల్లోళ్లు వస్తాండారు, సంచులేసుకోని!" అని ఆయన పలుకునపుడు మాత్రము నాకు నవ్వు రాదు.

మా కమలాపురము స్టేషను 1871లో రాయచూరు కడ బొంబాయి దారితో గలిసిన పాత మద్రాసు రైలుమార్గము మీదిది. అచ్చట మామ స్వచ్ఛంద పరిపాలకుడు. దిగువారు దిగినపిదపనే యెక్కవలెనను ఢిల్లీ ధర్మమును, మూటలతో గంపలతో తలుపున కడ్డముపడిన జనులకు బోధించుచు, తాను శాస్త్రోక్తముగ ప్రక్కకు తొలగి నిలువగా, ఒకనాడు ప్యాసింజరు ఆయనను విడిచి ఎర్రగుంట్లకు వెడలిపోయినది. నేను నొచ్చుకొంటిని; ఆయన నొచ్చుకొనలేదు. "పోనీలే, నాలుగు నిముషాలకు ఇంకోటి వస్తాది" అని బల్లపై గూర్చుండెను. ఆ రెండవ బండి సాయంకాలమునకు వచ్చినది. దర్గా ఉరుసునాటి జనసమ్మర్దమును సైతము వరుసలో నిలుపబూనెను గాని, ఆ కథ చెప్పకుండుటయే బంధుధర్మము.

ఇన్నిటికిని ఆయన కొక ప్రమాణము గలదు. ఆ భూగర్భమార్గపు పట్టాలకు నడిమి యెడము 1,676 మిల్లీమీటర్లు, అనగా మన యూరి పట్టాల కొలతయే. కావున, అడ్డగించువారు లేనియెడల, కమలాపురమున గదలిన బండి తిన్నగ విశ్వవిద్యాలయమునకే దిగిపోగలదని ఆయన సిద్ధాంతము. అంతటితో ఆగక, ఢిల్లీ మెట్రోను నిర్మింపజేసిన శ్రీధరన్ గారు ఇంజనీరింగు చదివినది కాకినాడలోనే గనుక ఆ స్టేషనులో సగము మనదే యని వాదించును.

మొన్న ప్రొద్దుటూరి వియ్యంకుడు నిలదీసినాడు: "ఆయనది కేరళ; చదివింది కాకినాడ. ఆ కోస్తావోళ్ల గొప్ప కడప జిల్లాకు యాడ చెందుతాది బావా?"

మామ తువ్వాలు దులిపి భుజమున వైచుకొని, "నీళ్లెట్లా వాళ్లే తీసుకున్న్యారు, పేరన్నా మనం తీసుకోగూడదా?" అనెను.